గోడ మీది నంబరు

మా ప్రహరీ గోడ మీద ఒక ఫోను నంబరు ఉంది. ఆకుపచ్చ రంగు మీద పసుపు అంకెలు, ఒక్కొక్కటి చెయ్యంత పొడవు. దాని పైన విత్తనాలు, పురుగుమందులు అని రాసి, పక్కన ఎర్ర మిరపకాయ నవ్వుతున్నట్టు బొమ్మ వేశారు. ఆ నంబరు గలాయన కొట్టు రోడ్డుకు అవతల, సరిగ్గా మా వసారాకు ఎదురుగా ఉంటుంది. మా వైపు పల్లెల్లో గోడ కనపడితే చాలు, ఇంటివాళ్ళను అడక్కుండానే ఇలాంటివి రాసేస్తారు. అప్పటికి మా నాన్న బతికే ఉన్నాడు, ఏమీ అనలేదు. ఊరి వరసలో ఆ కొట్టాయన మాకు బాబాయి. ఇప్పటికీ బాబాయ్ అనే పిలుస్తాను, పిలిచిన ప్రతిసారీ అన్నంలో రాయి తగిలినట్టు ఉంటుంది.

పగ మంచిది కాదని అందరూ చెబుతారు. చెప్పేవాళ్ళలో ఒక్కడి చేనూ పోయి ఉండదు. నేను పగపట్టాను, పట్టినందుకు ఇవాళ్టికీ సిగ్గుపడటం లేదు.

పర్చూరుకు కొంచెం దూరంలో నల్లరేగడి ఊరు మాది. గుంటూరులో ఎంసీఏ చేసి, అక్కడే ఒక కంపెనీలో చేరాను. తర్వాత కంపెనీ వాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. అలా ల్యాప్‌టాప్ పట్టుకుని అన్నయ్య ఇంటికి వచ్చి, వసారాలో బల్ల వేసుకున్నాను. అన్నయ్యది కొంచెం పత్తి, మిగతా అంతా మిరప. పొద్దున్నే అన్నయ్య స్ప్రేయరు భుజాన వేసుకుని బయల్దేరితే, రోడ్డు మీద ఎవరో ఒకరు ఆపి, "ఇయాళ ఏం మందు కొడుతున్నావురా?" అని అడిగేవారు. అన్నయ్య చెప్పేవాడు. వాళ్ళూ అదే కొట్టేవారు. మా ఊళ్ళో అంతకు మించిన మర్యాద లేదు.

ఆ ఏడు బాబాయి కొత్త రకం మిరప విత్తనం తెచ్చాడు. ఊళ్ళో సగం మంది అదే నారు పోశారు. మొక్క ఏపుగా లేచి నడుం దాటింది. చూసినవాళ్ళంతా గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తోలినట్టే సంబరపడ్డారు. మిరప బస్తాను మేము టిక్కీ అంటాం. తీరా పూత వచ్చి రాలిపోయింది. నిలిచిన నాలుగు కాయల్లో ఒకటి పొడుగు, ఒకటి బొండు, ఒకటి వంకర, ఒకటి ఆకాశం వైపు చూస్తోంది. ఒక్క సాలులో ఇన్ని రకాలు ఎన్నడూ చూడలేదని వదిన చేలోనే కూలబడింది.

అన్నయ్య ఒక చెట్టును వేళ్ళతో సహా పీకి, కొట్టుకు పట్టుకెళ్ళాడు. కోతల రోజులు కావడంతో కొట్టు నిండా జనం ఉన్నారు. నేను వసారాలోంచి చూస్తున్నాను.

"బాబాయ్, ఇది నువ్విచ్చిన రకమే. ఒక్క ప్యాకెట్లో ఇన్ని రకాల కాయలు ఎట్టా వస్తాయో నువ్వే చెప్పు" అన్నాడు అన్నయ్య. కోపంగా కూడా అనలేదు.

బాబాయి చెట్టు వైపు చూడనే లేదు. జనం వైపు తిరిగాడు. "ఒరేయ్, అందరూ ఇనండ్రా! మందు కొట్టటం చేతగాక చేను పాడు జేసుకుని, ఇత్తనం మీద పడి ఏడుస్తన్నాడు. ఈడికి మిరప సేద్యం రాదు. ఇకమీదట ఈణ్ణి చూసి ఎవరూ మందు కొట్టబాకండి!" అని రోడ్డు దద్దరిల్లేలా అరిచాడు. ఆ గొంతు మా వంటింట్లోకి కూడా వినపడింది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వినవాళ్ళ చేలల్లోనూ అదే విత్తనం ఉంది, రేపు వాళ్ళకు మందు కావాలి, అరువు కావాలి, అందుకని నవ్వారు.

అన్నయ్య ఆ చెట్టును వెనక్కి తెచ్చి, మా గోడకు ఆనించి, లోపలికి వెళ్ళి మంచం మీద పడుకున్నాడు. ఆ పడుకోవడం పడుకోవడమే. చేను మొహం చూడలేదు. పిలిస్తే పలకడు, పెడితే తింటాడు. పొద్దున పూట రోడ్డు మీద ఆగి మందు సంగతి అడిగేవాళ్ళు ఆగడం మానేశారు. ఎండిన మిరప కట్టెను మా వదినే కూలివాళ్ళను పెట్టి కొట్టించింది. ఎండాకాలం నడిమధ్య అన్నయ్య ఒక్కటే మాట అన్నాడు: "ఈ ఏడు చేను కౌలుకిచ్చేస్తా. నాకు సేద్యం రాదు."

వదిన వంటింట్లోకి వెళ్ళి గట్టిగా ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. చేను ఒకసారి కౌలుకు పోతే అన్నయ్య మళ్ళీ దాంట్లో కాలు పెట్టడని నాకు తెలుసు. ఏరువాక లోపల ఏదో ఒకటి జరగాలి. బాబాయి మాత్రం వెనకటి విత్తనాన్నే గోడౌన్‌లోంచి దించి, కొత్త గోనెసంచుల మీద పరిచి, ఈసారి మన ఊరుకు ఇదే అంటూ అమ్మకానికి సిద్ధం చేస్తున్నాడు. అది మా వసారాలోంచి కనపడుతూనే ఉంది.

ఫిర్యాదు చేస్తే? బహిరంగంగా చేసిన ఒకాయనకు బాబాయి కొట్టులో మందు పుట్టలేదు. పక్క ఊరి కొట్టువాడూ లేదన్నాడు, ఇద్దరూ బావమరుదులు మరి. పిల్లి మెడలో గంట ఎవరూ కట్టరు. కాబట్టి చీకట్లో ఉండి రాయి వేయాలనుకున్నాను.

మనం ఎక్కడినుంచి ఇంటర్నెట్ వాడుతున్నామో అవతలివాళ్ళకు తెలియనివ్వని నెట్‌వర్కు ఒకటి ఉందని చదువుకునే రోజుల్లోనే విన్నాను. మా టిక్కీల లెక్కలో చెబితే సులువు. ఊళ్ళో టిక్కీ ఒక లారీ ఎక్కింది, చిలకలూరిపేటలో రెండో లారీకి మారింది, ఇంకెక్కడో మూడో లారీకి మారింది. మూడో లారీవాడికి రెండోవాడు తెలుసు గానీ టిక్కీ ఎవరి చేలోదో తెలియదు. ఈ నెట్‌వర్కులో లారీలు జర్మనీలోనో, రుమేనియాలోనో ఉంటాయి. దాని బ్రౌజరు ఎక్కించుకుని, ఒక కొత్త మెయిల్ తెరిచి, వ్యవసాయ శాఖ ఆఫీసుకు ఫొటోలతో సహా అంతా రాసేద్దామనుకున్నాను. బాబాయికి ఎవరు కొట్టారో కూడా తెలియకూడదు. తెలియక ఊళ్ళో ప్రతి మొహాన్నీ అనుమానంగా చూసుకుంటూ బతకాలి. ఆ ఊహే నాకు భలే రుచిగా ఉండేది.

చెప్పినంత తేలిక కాలేదు. మెయిల్ తెరవబోతే ముందు నువ్వు మనిషివేనా అని అడిగింది. ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు నొక్కమంది. మా ఊళ్ళో వీధిలైటే సరిగా వెలగదు, అయినా నొక్కాను. జీబ్రా గీతలు నొక్కమంది, నొక్కాను. ఇంతా చేశాక ఫోను నంబరు ఇమ్మంది. నువ్వెవరో దాచుకోవాలంటే ముందు నువ్వెవరో చెప్పమన్నట్టు ఉంది. నా నంబరు ఇస్తే ఇక దాగింది ఏముంది?

అప్పుడు గుర్తొచ్చింది, ఇంటర్ అయ్యాక ఎంట్రన్సు దరఖాస్తు కోసం తెరిపించుకున్న పాత మెయిల్ ఒకటి. చామంతి అని పేరు, దాని వెనక ఏవో అంకెలు. దాంట్లో నా పేరు లేదు, ఏళ్ళ తరబడి ఎవరూ వాడలేదు. పాస్‌వర్డు కూడా గుర్తుంది, ఎందుకంటే తెరిచిపెట్టిన నెట్ సెంటరువాడు మా ఊళ్ళో అందరికీ అదే పెట్టాడు: కోటప్పకొండ పేరూ, వన్ టూ త్రీ. వెతకబోయిన తీగ కాలికి తగిలిందని సంబరపడి, ఆ బ్రౌజర్లోంచే లాగిన్ అయ్యాను.

పాస్‌వర్డు సరిపోయింది. కానీ లోపలికి రానివ్వలేదు. ఎక్కడో జర్మనీ నుంచి లాగిన్ అవుతున్నారు, అనుమానంగా ఉంది, మీ ఫోనుకు కోడు పంపాం, చెప్పండి అంది. ఏ ఫోను? నంబరంతా చుక్కలు పెట్టి చివరి రెండు అంకెలే చూపించింది. ఆ రెండు అంకెలూ ఎక్కడో చూసినట్టు అనిపించి లేచి గేటు దాకా వెళ్ళాను. బయటికి తొంగి చూశాను. గోడ చివర, నవ్వుతున్న మిరపకాయ పక్కన, అవే రెండు అంకెలు.

విషయం ఏమిటంటే, ఆ రోజుల్లో బాబాయి కొట్టు పక్క గదిలో ఆయన బావమరిది నెట్ సెంటరు నడిపేవాడు. మెయిల్ తెరవాలంటే ఫోను నంబరు కావాలి. ఆడపిల్ల నంబరు ఎక్కడ పడితే అక్కడ ఇవ్వరు, అసలు మాకు ఫోనులే లేవు. రైతులకు ఫోను ఉన్నా మూడు నెలలకోసారి సిమ్ము మార్చేవారు. ఇక మారని నంబరు ఏది? గోడ మీద రంగు వేసి రాసింది. అందుకని అందరి మెయిళ్ళకూ కొట్టు నంబరే ఇచ్చాడు. అప్పట్లో ఒక్క నంబరు మీద ఎన్ని మెయిళ్ళయినా తెరవనిచ్చేవారు. మాకు అదో భద్రత కింద లెక్క. బాబాయి పెద్దమనిషి, ఆయన ఫోను ఎక్కడికి పోతుంది?

ఎదురుగా కొట్టులో బాబాయి కళ్ళజోడు పెట్టుకుని ఫోను దూరంగా పట్టుకుని చదువుకోవడం కనపడింది. లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. రోడ్డు దాటకుండా ముందు అటువైపు ఇళ్ళకు వెళ్ళాడు. "చామంతి అని ఎవరమ్మాయిదో మెయిలుందంట, జర్మనీలో ఎవడో దొంగ తెరుస్తన్నాడంట, ఎవరిదమ్మా?" అని ఇంటింటికీ అడుగుతూ వస్తున్నాడు. నాకు నవ్వాలో చావాలో తెలియలేదు. శత్రువు నా తాళంచెవి చేత్తో పట్టుకుని వీధంతా తిరుగుతున్నాడు.

మా గేటు దగ్గరికి వచ్చేసరికి నేనే, "నాదే బాబాయ్" అన్నాను. "మా కంపెనీ పని అట్టాగే ఉంటదిలే, ఇక్కడ తెరిచినా జర్మనీ అని చూపిస్తది."

"ఓస్, నీదా! నేనింకా దొంగ ఎదవలేమో అని హడలి చచ్చా." అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను. తాగి, ఫోను నా ముందు ఊపాడు. "ఇందులో ఏముందో తెలుసా అమ్మాయ్? ఊళ్ళో సగం మంది మెయిళ్ళ తాళాలు. భూమి కాగితాలన్నా, డ్రిప్పు సబ్సిడీ అన్నా కోడు నా దగ్గరికి రావాల్సిందే. నేను చదివితేనే మీకు పని. రాసుకో, చెప్తా." లోపల మంచం మీద పడుకున్న అన్నయ్య ఎలా ఉన్నాడని ఒక్క మాట అడగలేదు. అంకెలు మాత్రం ఎంతో ప్రేమగా చదివాడు. నేను కొట్టాను. మెయిల్ తెరుచుకుంది.

ఆయన అటు వెళ్ళగానే, ఆయన చదివిన కోడుతో తెరిచిన మెయిల్లోంచే ఆయన మీద ఫిర్యాదు రాశాను. పేరు పెట్టలేదు. ఒకే కొమ్మకు నాలుగు రకాల కాయల ఫొటోలు పెట్టాను, అదే విత్తనం మళ్ళీ అమ్మబోతున్నాడనీ రాశాను.

ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. ఆకాశరామన్న ఉత్తరాల మీద చర్య తీసుకోవడం కుదరదు, నష్టపోయిన రైతులే తమ పేరున శాఖలో నమోదైన మెయిల్ నుంచి పంపితే వెంటనే వచ్చి చూస్తాం, అని దాని సారాంశం. చదివి ల్యాప్‌టాప్ మూసేశాను. రైతుల పేరున నమోదైన మెయిళ్ళన్నీ ఆ నెట్ సెంటర్లో తెరిచినవే. వాటి తాళాలన్నీ బాబాయి చొక్కా జేబులోనే ఉన్నాయి. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఇదే. అప్పుడే అన్నయ్య చేను అడుగుతున్న కౌలుదారు వచ్చి, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడు.

ఎంత కోపంలో ఉన్నా, ఉడికేటప్పుడే ఒక ఆలోచన పైకి తేలుతుంది. నేను చదివితేనే మీకు పని, అన్నాడు కదా. చదవనీ. ఒక్కొక్కడికీ చదవనీ. తన మీద పెట్టే ప్రతి ఫిర్యాదుకూ తాళం తన నోటితోనే తీయనీ. చీకట్లో రాయి వేయడం కంటే ఇది వెయ్యి రెట్లు బాగుందనిపించింది. ఎవరో తెలియకుండా కొట్టాలన్న కోరిక ఆ క్షణాన చచ్చిపోయింది. కొట్టింది ఎవరో ఆయనకు తెలియాలి. నిదానంగా, ఒక్కొక్క అంకెగా తెలియాలి.

ముందు మా వీధి చివర పిన్ని దగ్గరికి వెళ్ళాను. మొగుడు పోయాక సొంతంగా మిరప చేసుకుంటున్న మనిషి, ఆవిడ చేనూ అలాగే పోయింది. సంగతి చెప్పాను. "మందు ఆపేస్తాడే అమ్మాయ్" అంది.

"ఒక్కరైతే ఆపేస్తాడు పిన్నీ. ఊళ్ళో సగం మందికి ఆపి ఎవరికి అమ్ముకుంటాడు? గోడకా?"

పిన్ని చీపురుపుల్లతో పళ్ళు కుట్టుకుంది. "మొన్న మీ అన్నను పట్టుకుని అందరి ముందు అట్టా అరిచాడు గదా, నాకైతే ఆడి నోట్లో గుప్పెడు కారం కొట్టాలనిపించింది. రాస్తా. మిగతావాళ్ళను నేను తెస్తా" అంది. తెచ్చింది. రెండు రోజులు ఆవిడ ఇంటింటికీ తిరిగింది. రానని మొండికేసినవాళ్ళను ఏమని తిట్టిందో ఇక్కడ రాయలేను.

మంచి వాన పడ్డ మర్నాడు ఈ పని పెట్టుకుందాం అనుకున్నాం. వాన పడితే విత్తనం కోసం చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా ఆ కొట్టుకే వస్తారు. ఫోన్లలో మామూలుగా తెరిస్తే కొన్ని మెయిళ్ళు కోడు అడక్కుండా తెరుచుకోవచ్చు కూడా. నాకు ఆ నిశ్శబ్దం అక్కర్లేదు. నా బ్రౌజర్లోంచి అయితే తెరిచిన ప్రతిసారీ ఏదో దేశం పేరు చెప్పి కోడు అడిగి తీరుతుంది. దాక్కోవడానికి తయారుచేసిన దాన్ని నేను డప్పు కొట్టడానికి వాడుకున్నాను. దాన్ని తయారుచేసినవాళ్ళు వింటే ఏమనుకుంటారో గానీ, వాళ్ళెప్పుడూ మిరప వేయలేదు.

అన్నయ్యను అడిగాను. "నన్నొదిలెయ్ అమ్మాయ్" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

వాన పడింది. పొద్దున్నే వసారాలో బల్ల ముందు కూర్చున్నాను. పిన్ని చెప్పినవాళ్ళంతా అరుగు మీద, గేటు దగ్గర చేరారు. ఎదురుగా కొట్టు కిటకిటలాడుతోంది. మొదట పిన్ని మెయిల్. ఆవిడ చూస్తుండగా పాస్‌వర్డు కొట్టాను. కోడు పంపామని తెర మీద రాగానే, పిన్ని కొంగు బొడ్లో దోపుకుని రోడ్డు దాటింది.

"బావా, నాకేదో కోడు వచ్చిందంట, జూడు!"

బాబాయి గల్లాపెట్టె మీది ఫోను తీశాడు. జనం ముందు ఇలాంటివి చదవడమంటే ఆయనకు మహా సరదా. "ఏ దేశమో తెలుసా నీది? నెదర్లాండ్సంట!" అని అందరితో నవ్వుతూ అంకెలు చదివాడు. పిన్ని రోడ్డు మధ్యకు వచ్చి, "ఏడూ! సున్నా! మళ్ళీ సున్నా! మూడూ!" అని నాకు వినపడేలా కేకలు పెట్టింది. బస్సు ఒకటి ఆగి హారన్ కొట్టింది. పిన్ని బస్సును పక్కకు పొమ్మని, మిగిలిన రెండు అంకెలూ చెప్పిగానీ కదల్లేదు. నేను కొట్టాను, మెయిల్ తెరుచుకుంది, ముందే రాసి ఉంచిన ఫిర్యాదు ఆవిడ పేరుతో పోయింది.

తర్వాత ఒకాయన, తర్వాత ఇంకొకాయన. రుమేనియా, స్వీడను, మళ్ళీ జర్మనీ. "మామా, నా కోడు", "అన్నా, నాదొచ్చిందా?" కొట్టులో విత్తనం బేరం సగంలో ఆగిపోతోంది. బయటి ఊళ్ళ రైతులు ప్యాకెట్లు చేత్తో పట్టుకుని నిలబడిపోయారు. నవ్వుతూ చదివినవాడు నవ్వడం మానేశాడు. గొంతు తగ్గింది. చివరికి ఒకాయనను, "ఇంతమందీ ఇయాళే ఏంట్రా? ఏం సబ్సిడీ?" అని అడిగాడు.

ఆయన ముస్లిం, అన్నయ్యకు చిన్ననాటి స్నేహితుడు, మా పక్క చేను కౌలుకు చేస్తాడు. అబద్ధం చెప్పడం చేతకాదు. "సబ్సిడీ కాదు బాబాయ్. నువ్విచ్చిన ఇత్తనం మీద ఫిర్యాదు. అందరం పెడుతున్నాం" అన్నాడు.

చేత్తో ప్యాకెట్టు పట్టుకున్న ఒక బయటి ఊరాయన దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేయడం నేను ఇక్కడినుంచి చూశాను. ఆ ప్యాకెట్టు బల్ల మీద పడుతుంటే నాకు కలిగిన సంతోషం, నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

బాబాయి కొట్టులోంచి బయటికి వచ్చి, రోడ్డుకు అటువైపు నిలబడి నన్ను వేలెత్తి చూపించాడు. "నువ్వేనటే ఇదంతా చేయించేది! మీ అన్నకు సేద్యం చేతగాక మంచమెక్కితే, నా కడుపు కొడతావా? ఊరందరికీ తెలుసు, ఆడికి మిరప సేద్యం రాదు! ఇంక ఎవడికీ ఏ కోడూ చెప్పను, పొండి!"

నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. వెనక మంచం కిర్రుమంది.

అన్నయ్య లేచాడు. వదిన గుమ్మంలోంచి పక్కకు జరిగింది. అన్నయ్య గోడ వంకెకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకుని, నా పక్కనుంచి పోతూ, "నా పాస్‌వర్డు కొట్టు" అన్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటాడు. అన్నయ్య పేరున ఉన్న మెయిల్ తెరవబోయాను. కొండ పేరు, వన్ టూ త్రీ. కోడు పంపామంది.

"బాబాయ్, నా కోడు" అన్నాడు అన్నయ్య.

"ఏ కోడూ రాలేదు."

గల్లాపెట్టె మీద ఫోను మోగింది. కొట్టులో అంతమందీ ఆ ఫోను వైపే చూశారు.

"వచ్చింది. చదువు."

బాబాయి అటూ ఇటూ చూశాడు. చదవకపోతే దాస్తున్నట్టు, చదివితే తన మీదే. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు. ఫోను తీసి, గొంతులోనే ఏదో గొణిగాడు.

"ఇనపళ్ళా" అన్నాడు అన్నయ్య. "ఆ రోజు మాట్లాడినట్టు చదువు. నాకు సేద్యం రాదని ఎంత గట్టిగా అరిచావో, అంత గట్టిగా. అందరూ ఇనాలి."

బాబాయి చదివాడు. ఒక్కో అంకె చదువుతుంటే మొహం ఎర్రబడి, మెడ మీద నరం లేచింది. అన్నయ్య రోడ్డు వైపు తిరిగి, ఆ అంకెలను నాకు అందించాడు. చలికాలం తర్వాత అన్నయ్య గొంతు అంత పెద్దగా వినడం అదే మొదటిసారి. నా కళ్ళు మసకబారి ఒక అంకె తప్పు కొట్టి, మళ్ళీ సరిచేసుకున్నాను. మెయిల్ తెరుచుకుంది. ఫిర్యాదు పోయింది.

అన్నయ్య వెంటనే రాలేదు. బయటి ఊరాయన ఒకరు దగ్గరికి వెళ్ళి ఏదో అడిగారు. అన్నయ్య బల్ల మీది ప్యాకెట్టు విప్పి, గింజలు అరచేతిలో పోసుకుని, ఆయనకు చూపిస్తూ చాలాసేపు చెబుతూ నిలబడ్డాడు.

ఆఫీసు వాళ్ళు చెప్పినట్టే వచ్చారు. వెనకటి విత్తనం మిగిలిందంతా పక్కన పెట్టించి, నమూనాలు తీసుకెళ్ళారు. ఆ సీజనంతా ఆ కొట్టులో మిరప విత్తనం అమ్మకుండా ఆపేశారు. కౌలుదారు మళ్ళీ వస్తే వదినే గేటు దగ్గర నిలబడి, చేను ఇయ్యటం లేదని చెప్పి పంపింది. అన్నయ్య వేరే ఊరినుంచి విత్తనం తెచ్చుకుని నారు పోశాడు. స్ప్రేయరు భుజాన వేసుకుని పోతుంటే రోడ్డు మీద ఎవరో ఆపి, ఏం మందురా అని అడగడం, బాబాయి ఖాళీ కొట్టులో కూర్చుని వినడం, రెండూ ఒకేసారి చూశాను.

తర్వాత ఒక సాయంత్రం బాబాయి మా గేటు దగ్గరికి వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు, మంచినీళ్ళు అడగలేదు. "అమ్మాయ్, ఆ మెయిళ్ళన్నిట్లోంచీ నా నంబరు తీసెయ్యమ్మా. పొద్దస్తమానం మోగుతా ఉంది" అన్నాడు.

"తీయొచ్చు బాబాయ్. కాకపోతే తీయటానికి కూడా కోడు అడుగుతది. మీ ఫోనుకే వస్తది."

లోపలినుంచి అన్నయ్య కేకేశాడు, "తీసెయ్ అమ్మాయ్, పోనీ!" అని. అన్నయ్య మనసు అలాంటిది. చేనుకు తిరిగి వెళ్ళాక కోపం కూడా అక్కడే ఎక్కడో గట్టు మీద పారేసి వచ్చినట్టున్నాడు. ఆ మాట విని బాబాయి తల దించుకున్నాడు. ఒక్కొక్కరినీ పిలిపించి, ఆయన చేతే కోడులు చదివించుకుని, అందరి మెయిళ్ళలోంచీ ఆ నంబరు తీసేశాను. గోడ మీద నంబరుకు సున్నం కొట్టిస్తానని అన్నయ్య అంటే, నేను వద్దన్నాను.

ఒక్క మెయిల్లోంచి మాత్రం తీయలేదు, నా చామంతిలోంచి. అన్నయ్య క్షమించాడు, అది అన్నయ్య ఇష్టం. పని మధ్యలో చిరాకు పుట్టినప్పుడల్లా ఆ బ్రౌజరు తెరిచి, చామంతితో లాగిన్ అవుతాను. ఒకసారి జర్మనీ, ఒకసారి ఫిన్లాండు. రోడ్డు అవతల ఫోను మోగుతుంది. బాబాయి ఉలిక్కిపడి, ఫోను చూసి, తలెత్తి మా వసారా వైపు చూస్తాడు. నేను కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని, బాగా కనపడేలా కూర్చుంటాను.